రైలు మాట

నాకు పదకొండుమంది అక్కలు, ఆరుగురు పెద్దమ్మలు. బాబాయిలకైతే లెక్కే లేదు. ఒక్కరితోనూ రక్తసంబంధం లేదు. అందరూ రైల్లో దొరికినవాళ్ళే, రైలు దిగగానే పోయినవాళ్ళే.

మాది పిచ్చాసుపత్రి. ఆ మాట అనకూడదని మాకు రెండ్రోజులు క్లాసు పీకారు, గేటు మీద బోర్డు కూడా మార్చారు. అయినా బస్సు కండక్టరుకి పాత పేరు చెబితేనే అర్థమవుతుంది, మీకూ అంతే కదా. అక్కడ నేను అటెండర్ని. నాది వార్డు డ్యూటీ కాదు, దారి డ్యూటీ. జబ్బు నయమైనవాళ్ళని రైలెక్కించి, వాళ్ళింటికి తీసుకెళ్ళి, ఇంట్లోవాళ్ళ చేత కాగితం మీద సంతకం పెట్టించుకుని రావాలి. దాన్ని అప్పగింత కాగితం అంటాం. పెళ్ళిలో అప్పగింతలుంటాయే, అలాంటిదే. కాకపోతే ఇక్కడ ఏడ్చేవాళ్ళుండరు. తలుపు తీసేవాళ్ళుంటే అదే పదివేలు.

సంతకం దొరక్కపోతే మనిషిని మళ్ళీ వెనక్కి తీసుకురావాలి. అలా తిరిగొచ్చినవాళ్ళని మావాళ్ళు ‘తిరుగు టపా’ అంటారు. నేను గేటులోకి అడుగుపెట్టగానే వాచ్‌మన్ అడిగేది ఒకటే, ‘‘అప్పగింతా, తిరుగు టపానా?’’ అని. మనుషుల్ని అలా అనకూడదు, తెలుసు. ఇరవయ్యేళ్ళు ఈ పని చేస్తే మీరూ అంటారు. నా నడుం ఎప్పుడో అరిగిపోయింది. రైలు దిగి రెండ్రోజులైనా మంచం కదులుతున్నట్టే ఉంటుంది.

చేరిన కొత్తలో నిజమే చెప్పేవాణ్ణి. ఒకసారి ఒక పెద్దాయన్ని తీసుకెళ్తున్నాను. పోస్టాఫీసులో పనిచేస్తూ జబ్బుపడ్డాడు, చీమకి కూడా హాని చెయ్యని మనిషి. ఎదుటి సీటాయన ‘‘మీకేమవుతారు?’’ అని అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. అంతే! ఆయన పక్కనున్నావిడ పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. ఇంకొకాయన పెట్టె కిందికి దించాడు. పావుగంటలో మా చుట్టూ ఆరు సీట్లు ఖాళీ. పెద్దాయన ఆ సీట్లన్నీ ఒక్కొక్కటే చూసి, ‘‘పోన్లే బాబూ, మనం కాళ్ళు చాపుకోవచ్చు’’ అన్నాడు. ఆ రోజునుంచి రైల్లో నిజం చెప్పడం మానేశాను. ఎవరడిగినా మా బాబాయి, మా పెద్దమ్మ, మా అక్క. అడిగినవాళ్ళకీ సంతోషం, నా పక్కన కూచున్నవాళ్ళకీ మర్యాద. ఎవడి సొమ్మేం పోయింది?

మా ఆవిడకి ఈ సంగతంతా తెలుసు. ఇంట్లో నేనేం చెప్పినా ‘‘ఇది నిజమా, రైలు మాటా?’’ అంటుంది. కుళాయిలో నీళ్ళు రావట్లేదే అన్నా అదే ప్రశ్న. పళ్ళు నూరుకోవడం తప్ప ఏం చెయ్యను, చేతులారా సంపాదించుకున్న పేరు మరి.

ఇప్పుడు మిషనక్క సంగతి.

మా కుట్టుగదిలో ఆరు మిషన్లుంటే పనిచేసేవి రెండు. అందులో ఒకటి ఆవిడ మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. అందుకే ఆ పేరు. దిండు గలీబులు, రోగుల గౌన్లు, డాక్టర్ల కోట్లకి ఊడిన గుండీలు, అన్నీ ఆవిడే. ఆ గదిలో కత్తెరని గొలుసుతో బల్లకి కట్టేసి ఉంచుతారు. సాయంత్రం నర్సొచ్చి సూదులు లెక్కపెట్టి డబ్బాలో వేసి తాళం వేసుకుపోతుంది. ఆవిడ కూచున్న బల్ల మీద ఇన్నేళ్ళలో ఒక్క సూది తగ్గలేదు.

వాళ్ళమ్మ పోయాక ఆవిడకి మాట పడిపోయిందట. తిండి మానేసి, చెప్పుల్లేకుండా రోడ్డు పట్టుకుని పోతూ ఉండేదట. పందొమ్మిదేళ్ళ తమ్ముడు, ఎవరో దూరపు మావయ్య కలిసి తీసుకొచ్చి చేర్పించారు. నాలుగు వారాలన్నారు. ఇరవై ఒక్కేళ్ళయింది. మొదటి ఏడాది తమ్ముడు రెండుసార్లు వచ్చినట్టు రిజిస్టరులో ఉంది. తర్వాత పేజీలన్నీ తెల్లగానే ఉన్నాయి. ఆవిడకి నయమై పన్నెండేళ్ళు. నయమైన మనిషి పన్నెండేళ్ళు అక్కడెందుకుంది అని అడుగుతారేమో, మీరెంత అమాయకులండీ! తీసుకెళ్ళేవాడు లేక.

కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఫైలు తిరగేసి, ‘‘ఈవిడకి నాకంటే బుర్ర బాగా పనిచేస్తోంది. ఇక్కడేం చేస్తోంది?’’ అని చిందులేసింది. కొత్త చీపురు బాగా ఊడుస్తుంది కదా. తమ్ముడికి మూడు ఉత్తరాలు రాయించింది. జవాబు లేదు. మూడో ఉత్తరం మాత్రం సంతకం పెట్టి తీసుకున్నాడు, ఆ చీటీ తిరిగొచ్చింది. అంటే మనిషున్నాడు, అడ్రసు సరైనదే. మూడు ఉత్తరాలకీ జవాబు రాకపోతే మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళి అడగాలని మా రూలు. ఆ డ్యూటీ నా మెడకి చుట్టుకుంది.

ప్రయాణానికి వారం ముందు మిషనక్క నన్ను కుట్టుగదికి పిలిచింది. ‘‘అటెండరుగారూ, ఒకసారి అటు తిరగండి’’ అని నా వీపుకి టేపు పెట్టింది. ‘‘మా తమ్ముడు మీ అంత ఉంటాడంటారా?’’

‘‘నాకేం తెలుసమ్మా, నేను చూశానా?’’

‘‘సన్నగా ఉండేవాడు. ఇప్పుడు కొంచెం ఒళ్ళొచ్చి ఉంటుంది. మీ కొలతకి ఒక వేలెడు తగ్గిస్తాను’’ అంది. లేత నీలం గుడ్డ. చొక్కా కుట్టి, గుండీలన్నీ పెట్టి, మడిచి కాగితంలో చుట్టింది. ‘‘వాడు నన్ను ఉంచుకుంటే చాలండీ. మిషనొకటి కొనుక్కుంటాను, వాడికి బరువుండను. వంటింట్లో ఓ మూల పడుకోమన్నా పడుకుంటాను’’ అంది. ఎన్నిసార్లు విన్నానండీ ఈ మాట! వినీ వినీ నా చెవులు కాయలు కాశాయి.

పొద్దున్నే రైలెక్కాం. మర్నాడు పదింటికి చేరుతుంది. ఆవిడకి కిటికీ సీటిచ్చాను. కాసేపు బయటికి చూసి, తర్వాత లోపలికి చూసి, నా చెవిలో అంది. ‘‘వీళ్ళందరూ ఒంటరిగా మాట్లాడుకుంటున్నారేంటండీ? నవ్వుకుంటున్నారు కూడా. మన వార్డులో ఇలా చేస్తే రెండు మాత్రలు ఎక్కువేస్తారు.’’

‘‘ఫోన్లమ్మా అవి. చెవిలో పెట్టుకుని మాట్లాడతారు.’’

‘‘అయితే వీళ్ళకి నయం కాదు’’ అంది. నాకు నవ్వాగలేదు.

మా ఎదుటి సీట్లో లెక్కల టీచరుగా చేసి రిటైరైన ఒకావిడ. పిల్లల్ని ప్రశ్నలు అడిగి అడిగి అలవాటైన మనిషి, ఊరికే ఉండదు. రైలు కదిలీ కదలకముందే మొదలెట్టింది. ఎక్కడిదాకా, ఎక్కణ్ణుంచి, పిల్లలెంతమంది. చివరికి నేను ఎదురుచూస్తున్న ప్రశ్న వచ్చింది. ‘‘ఈవిడ మీకేమవుతారు?’’

‘‘మా అక్కండీ. మా ఇంట్లోనే ఉంటోంది. చుట్టాల్ని చూడాలంటే తీసుకెళ్తున్నాను’’ అన్నాను. నోట్లోంచి నీళ్ళలా వచ్చేసింది.

మిషనక్క చటుక్కున నా మొహంలోకి చూసింది. మామూలుగా ముందే చెప్పి ఉంచుతాను, ఈసారి మర్చిపోయాను. ఇప్పుడేమంటుందో అనుకున్నాను. ఆవిడ ‘‘ఒరేయ్ తమ్ముడూ, ఆ కిటికీ కొంచెం పైకెత్తరా, గాలి రావట్లేదు’’ అంది.

ఎత్తాను.

ఇక అక్కణ్ణుంచి చూడాలి! ఇన్నేళ్ళూ నేనే పెద్ద అబద్ధాలకోరుననుకున్నాను. ‘‘వీడు చిన్నప్పుడు ఎంత పిరికివాడో తెలుసా టీచరుగారూ’’ అని మొదలుపెట్టింది. ‘‘పిల్లి అరిచినా నా వెనక నక్కేవాడు. పదేళ్ళొచ్చినా నా జడ చివర పిడికిట్లో పట్టుకుంటేగానీ నిద్రపోయేవాడు కాదు. పొద్దున్నే లేవాలంటే వాడి వేళ్ళు ఒక్కొక్కటీ విప్పుకోవాలి నేను. భయపడ్డాడంటే చాలు, గడ్డం వణుకుతుంది. నోరు మూసుకున్నా గడ్డం పట్టిచ్చేస్తుంది.’’ టీచరుగారు నన్ను చూసి ఒకటే నవ్వు. నేను సిగ్గుపడ్డట్టు తల గోక్కున్నాను. ఇలాంటి వేషాలు నాకు వెన్నతో పెట్టిన విద్య.

‘‘నాకు పదిహేడు, వీడికి ఐదు’’ అంది. ‘‘సైకిల్ నేర్చుకున్న కొత్త. వీణ్ణి వెనకాల కూచోబెట్టుకుని గుట్ట మీంచి వదిలేశాను. ఇద్దరం ఎగిరిపడ్డాం. వీడికి గడ్డం కింద చీరుకుపోయింది. రిబ్బను విప్పి గట్టిగా నొక్కి పట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తాను. మూడు కుట్లు. ఇంటికెళ్ళి అమ్మతో, మెట్టు మీద పడ్డాడని చెప్పాం. ఇద్దరం ఒట్టేసుకున్నాం. అమ్మ పోయేదాకా వీడు ఆ సంగతి బయటపెట్టలేదు, పిరికివాడైనా మాట మీద నిలబడ్డాడు.’’

టీచరుగారు లెక్కల మనిషి కదా, కళ్ళద్దాలు సర్దుకుంది. ‘‘పదిహేడు, ఐదు. అంటే మీ ఇద్దరికీ పన్నెండేళ్ళు తేడానా? చూస్తే అలా లేరే!’’

‘‘నాది ముసలి మొహం లెండి’’ అన్నాను.

‘‘మరి గడ్డం కింద మచ్చేదీ?’’

రెండ్రోజుల గడ్డం తడుముకుని, ‘‘ఇందులో దాక్కుందండీ’’ అన్నాను. బోగీలో చుట్టుపక్కల కూచున్నవాళ్ళంతా నవ్వారు. టీచరుగారు తన డబ్బా తీసి మా ఇద్దరికీ బిస్కట్లు పెట్టింది. మిషనక్క తన బిస్కట్టు సగం విరిచి నాకిచ్చింది, అలవాటైన చెయ్యిలాగే.

మధ్యాహ్నం తలుపు దగ్గర చేతులు కడుక్కుంటుంటే నేనే అన్నాను. ‘‘ఏమ్మా, నన్ను మించిపోయారు! ఇన్ని రైలు మాటలు ఎక్కడ నేర్చుకున్నారు?’’

‘‘నేర్చుకోవాలా ఏంటి అటెండరుగారూ’’ అని బయటికి చూస్తూ ఉండిపోయింది. నా బుర్రకి అప్పుడైనా తట్టొద్దూ? తట్టలేదు. ఎవరి తమ్ముడింటికి తీసుకెళ్తున్నానో నాకు తెలుసు. అయినా అదంతా నా అబద్ధానికి ఆవిడ అతికిన ముక్కలే అనుకున్నాను.

మర్నాడు స్టేషన్లో దిగాక టీచరుగారు ఆవిడ చెయ్యి పట్టుకుంది. ‘‘ఇలాంటి తమ్ముడు దొరకడం అదృష్టమమ్మా’’ అంది. ‘‘అవునండీ’’ అంది మిషనక్క. చొక్కా పొట్లం చంకలో భద్రంగా ఉంది.

తమ్ముడి ఇల్లు రెండో అంతస్తు. మెట్లెక్కేసరికి నా మోకాళ్ళు కలుక్కుమన్నాయి. గుమ్మం పక్కన చెప్పుల స్టాండు, అందులో వరసగా పెద్దవీ చిన్నవీ. ఎదురింటావిడ వరండాలో బట్టలారేస్తోంది. మమ్మల్ని చూసి, తడి దుప్పటి చేతిలోనే పట్టుకుని చెవులు రిక్కించింది. ఇలాంటి ఎదురిళ్ళు నాకు కొత్త కాదు. ఒక్కసారి ఆస్పత్రి పేరు బయటికొస్తే సాయంత్రానికల్లా వీధంతా పాకుతుంది.

తలుపు తీసింది తమ్ముడి భార్య. ముప్పై ఐదేళ్ళుంటాయి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ‘‘ఎవరు కావాలండీ?’’

‘‘సారున్నారా?’’

‘‘పనికెళ్ళారు, కరెంటు మీటర్లు చూస్తారు కదా. ఒంటిగంటకి భోజనానికొస్తారు. మీరెవరు?’’

ఎదురింటావిడ చేతిలో దుప్పటి కదల్లేదు. నేను నోరు తెరిచాను. నోరు తెరిస్తే ఏమొస్తుంది, అలవాటైందే వస్తుంది. ‘‘సారు వాళ్ళ పాత ఊరివాళ్ళమమ్మా. ఈవిడ మా అక్క’’ అన్నాను.

లోపలికెళ్ళాక సర్దిచెప్పొచ్చులే అనుకున్నాను. తమ్ముడొస్తే పక్కకి పిలిచి మాట్లాడొచ్చు, కాగితం తీయొచ్చు. ఇరవయ్యేళ్ళ అనుభవం కదా నాది, అంతా నా చేతిలోనే ఉందనుకున్నాను.

ఆ అమ్మాయి మంచిది. కుర్చీలు దులిపి కూర్చోమంది, మంచినీళ్ళిచ్చింది. చిన్న గది, శుభ్రంగా ఉంది. టీవీ పైన గోడకి ఒక ఫోటో. అందులో ఒక పెద్దావిడ, పక్కన ఇరవయ్యేళ్ళ పిల్ల. పొడుగాటి జడ ముందుకి వేసుకుని ఉంది. నేను ఫోటో చూస్తుంటే ఆ అమ్మాయే చెప్పింది. ‘‘మా అత్తగారు, మా ఆడపడుచు. నేనిద్దర్నీ చూడలేదండీ. మా పెళ్ళికి ముందే పోయారు ఇద్దరూ. జ్వరమట. ఆయన చెప్పడానికే బాధపడతారు, నేనూ అడగను.’’

నా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. మిషనక్క వైపు చూడ్డానికి ధైర్యం చాల్లేదు. ఆస్పత్రిలో చేరిన రోజునే ఆవిడ జడ కత్తిరించేశారు. ఇప్పుడు చెవుల దాకా తెల్లటి జుట్టు. ఆవిడ లేచి ఫోటో దగ్గరికెళ్ళింది. చాలాసేపు చూసింది.

‘‘జడ బాగుంది అమ్మాయిది’’ అంది.

‘‘కదండీ! మా పాపది కూడా అలాంటి జుట్టే. స్కూలుకెళ్ళింది’’ అంది ఆ అమ్మాయి.

అప్పుడే చెప్పెయ్యాల్సింది. ‘అమ్మా, ఆ ఫోటోలో పిల్ల ఈవిడే’ అని నాలుగు ముక్కలు. తమ్ముడొచ్చాక చెబుదాం, వాడి ఇల్లు, వాడి నోటితోనే చెప్పనీ, అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఒంటిగంట దాటాక మెట్ల మీద బూట్ల చప్పుడైంది. చేతిలో హెల్మెట్, భుజానికి సంచి. గుమ్మంలోకి వస్తూనే ఆగిపోయాడు. గుర్తుపట్టాడు. అందులో నాకు అనుమానమే లేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఉత్తరం సంతకం పెట్టి తీసుకున్నవాడు కదా, ఎప్పుడో ఒకరోజు తలుపు తడతారని తెలియకుండా ఉంటుందా?

భార్య వంటింట్లోంచే చెప్పింది. ‘‘మీ పాత ఊరివాళ్ళటండీ. ఆయనా, వాళ్ళక్కా. మీకోసమే కూచున్నారు.’’

వాడు నా వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు, మళ్ళీ నా వైపు చూశాడు. మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికినట్టు నా అబద్ధం దొరికింది వాడికి. నేనే అందించాను, నా చేతులతో.

‘‘ఆఁ... ఆఁ, గుర్తొచ్చారు’’ అన్నాడు. హెల్మెట్ బల్ల మీద పెట్టాడు. ఆవిడకేసి తిరిగి, రెండు చేతులూ జోడించి, ‘‘మీరు... వీళ్ళ అక్కగారా? బాగున్నారా అండీ?’’ అన్నాడు.

గడ్డం వణుకుతోంది.

భార్య నీళ్ళ గ్లాసు తెచ్చిచ్చింది. వాడు తల వెనక్కి వంచి గటగటా తాగాడు. అప్పుడు కనిపించింది. గడ్డం కింద, అడ్డంగా, పాత మచ్చ. మూడు కుట్ల మచ్చ.

ఛీ, నా బతుకు! ఆవిడ ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. రైలంతా వీడి గురించే చెప్పుకుంటూ వచ్చింది. నేను మధ్యలో కూచుని నా గడ్డం తడుముకుంటూ, నలుగుర్నీ నవ్విస్తూ...

మిషనక్క వాణ్ణి చూస్తూ ఉంది. అరవలేదు, ఏడవలేదు. ‘‘బాగున్నాను బాబూ’’ అంది. ‘‘నీ చిన్నప్పుడు చూశాను నిన్ను. ఒళ్ళొచ్చింది, మంచిదే.’’ తర్వాత పొట్లం విప్పి, చొక్కా ఆ అమ్మాయి చేతికిచ్చింది. ‘‘మా తమ్ముడికని కుట్టానమ్మా. కొలత ఊహించి కుట్టాను. మీ ఆయనకి సరిపోయేట్టుంది, ఉంచండి.’’

‘‘అయ్యో, మీ తమ్ముడికి కుట్టింది మాకెందుకండీ?’’ అంది ఆ అమ్మాయి నన్ను చూసి.

‘‘వీడికి బిగుతవుతుందిలే’’ అంది మిషనక్క.

ఆ అమ్మాయి మొగుడి భుజాలకి చొక్కా ఆనించి చూసింది. అతికినట్టు సరిపోయింది. ‘‘చూశారా, మీకోసమే కుట్టినట్టుంది!’’ అని ముచ్చటపడింది. వాడు కొయ్యబొమ్మలా నిలబడ్డాడు. భోజనం చేసి వెళ్ళమని ఆ అమ్మాయి ఎంత బతిమాలినా మిషనక్క వినలేదు. రైలు టైమవుతుందంది. మా రైలు నాలుగింటికి.

నన్ను సాగనంపే వంకతో వాడు గేటు దాకా వచ్చాడు. ఆవిడ నాలుగడుగులు ముందుంది. నేను జేబులోంచి అప్పగింత కాగితం తీసి వాడి రొమ్ముకి ఆనించాను. ‘‘సంతకం పెట్టు. ఆవిడకేం జబ్బు లేదు. పన్నెండేళ్ళుగా లేదు.’’

‘‘ఇంట్లో తెలీదండీ’’ అన్నాడు నీళ్ళు నములుతూ. ‘‘చచ్చిపోయిందని చెప్పాను. పదమూడేళ్ళ కాపురం. ఇప్పుడెలా చెప్పను? మీకు దణ్ణం పెడతాను. మీరే కదా మీ అక్క అన్నారు. అలాగే ఉండనివ్వండి.’’

మీరే కదా అన్నారు. చెంప మీద కొట్టినట్టయింది. వాణ్ణి నాలుగు పీకాలని చెయ్యి లేచింది. లేచిన చేత్తో ఏం చెయ్యాలో తెలీలేదు. వాడన్నది నిజమే, ఆ దారి చూపించింది నేనే. తలుపు దగ్గర నిజం చెప్పి ఉంటే వాడికి దాక్కోడానికి చోటుండేది కాదు. భార్య ముందు ఏడ్చేవాడో, తిట్టేవాడో, తోసేసేవాడో. ఏం చేసినా తమ్ముడిగానే చేసేవాడు.

రోడ్డు మీంచి ఆవిడ పిలిచింది. ‘‘పదరా తమ్ముడూ, ఆలస్యమవుతోంది.’’ పైన వరండాలోంచి వాడి భార్య చెయ్యూపుతోంది. మా ఇద్దరిలో మిషనక్క ఎవర్ని పిలిచిందో వాడికీ నాకూ ఇద్దరికీ తెలుసు. వాడు కదల్లేదు. నేను కదిలాను.

స్టేషన్లో బెంచీ మీద కూచున్నాం. రైలు నలభై నిమిషాలు లేటు. నాకు కూర్చోవాలనీ లేదు, నిలబడాలనీ లేదు. చెప్పలేనంత అలసట. ‘‘నేను వెనక్కెళ్ళి ఆ అమ్మాయికి అంతా చెప్పొస్తాను. తప్పు నాది’’ అన్నాను.

‘‘వద్దు. కళకళలాడుతున్న ఇల్లు’’ అంది. తర్వాత, ‘‘ఆ కాగితంలో ఏం రాస్తావు?’’ అని అడిగింది.

‘‘ఎప్పుడూ రాసేదే. ఇంటికి తాళం వేసి ఉంది.’’

‘‘తాళమెక్కడుంది? తలుపు తీశారు, కుర్చీ వేశారు, నీళ్ళిచ్చారు’’ అంది. గొంతులో కోపముంది. ఇన్నేళ్ళలో ఆవిడ కోపం వినడం అదే మొదటిసారి.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

రైలొచ్చింది. మళ్ళీ కిటికీ సీటు ఆవిడకే. ఎదురుగా పేపరు చదువుకుంటున్న ఒకాయన, ఆయన పక్కన అల్లిక సూదులతో ఏదో అల్లుకుంటున్న ఒక నడివయసావిడ. రైలు వేగమందుకున్నాక ఆ అల్లికలావిడ మా ఇద్దర్నీ చూసి నవ్వింది. ‘‘అక్కాతమ్ముళ్ళా?’’ అని అడిగింది.

అవునంటే సరిపోయేది. చెప్పడానికి కూడా ఏమీ లేదు, తలూపితే చాలు. నా మెడ కదల్లేదు.

‘‘కాదమ్మా’’ అంది మిషనక్క. ‘‘ఈయన ఆస్పత్రి మనిషి. నేను పిచ్చాసుపత్రిలో ఉంటాను. ఇరవై ఒక్కేళ్ళయింది. ఊళ్ళో మా తమ్ముడున్నాడు, చూసొస్తున్నాను.’’

పేపరాయన పేపరు మడిచాడు. చేతులు కడుక్కొస్తానని లేచాడు, సంచి కూడా తీసుకుని. మళ్ళీ రాలేదు. అల్లికలావిడ చేతులాగిపోయాయి. లేస్తుందనుకున్నాను. లేవలేదు. ఒడిలో ఊలు ఉండ సర్దుకుని, మెల్లిగా అడిగింది. ‘‘బాగా చూశాడామ్మా మీ తమ్ముడు?’’

‘‘చూశాడు. నాకు దణ్ణం పెట్టాడు. మంచి పెళ్ళాం, పాప కూడా ఉంది. పాపకి నా జుట్టే వచ్చిందట. నేను కుట్టిన చొక్కా వాడికి అతికినట్టు సరిపోయింది’’ అంది. ‘‘చిన్నప్పుడు సైకిల్ మీంచి పడేశాన్లే వాణ్ణి. గడ్డం కింద మచ్చ అలాగే ఉంది.’’

అప్పుడు ఏడ్చింది. అల్లికలావిడ సీటు మారి వచ్చి పక్కన కూచుని వీపు మీద చెయ్యి వేసింది. ఎదుటి సీటంతా ఖాళీ. నేను అక్కడికి జరిగి కూచున్నాను. ఇరవయ్యేళ్ళలో పదకొండుమంది అక్కల్ని రైలు దిగాక పోగొట్టుకున్నాను. రైలు నడుస్తుండగా పోగొట్టుకోవడం ఇదే మొదటిసారి.

చాలాసేపటికి ఆవిడ కళ్ళు తుడుచుకుని నావైపు చూసింది.

‘‘ఆ నీళ్ళ సీసా ఇలా ఇస్తారా, అటెండరుగారూ?’’ అంది.

మూత తీసి ఇచ్చాను.